తీగలోని తెల్ల దారం

దాలినాయుడు మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆయన ముందు వాళ్ళ చేతికి ఏదో ఒక పని ఇచ్చేవారు. విజయనగరంలో ముప్ఫై ఏళ్ళు ఐటీఐలో రేడియో, టీవీ రిపేరు నేర్పి రిటైరైన మనిషి. ఆ తర్వాత ఇంటి వరండాలో బల్ల వేసుకుని, ఇరుగుపొరుగువాళ్ళు తెచ్చిన చిన్న చిన్న సామాన్లు బాగుచేస్తూ కూర్చునేవారు. పాత శిష్యులు ఆ వరండాకి చెడిపోయిన వస్తువులతోనే కాదు, ఎటూ తేలని సంగతులతోనూ వస్తుండేవారు. వాళ్ళకి జవాబు దొరికేదో లేదో గాని, చేతులు ముడుచుకుని కూర్చుని వెళ్ళినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

ఒక మార్చి నెల ఆదివారం పొద్దున్న శేషారత్నం వచ్చింది. ఇరవై రెండేళ్ళ కిందట ఆయన క్లాసులో ఉన్న ఇద్దరే ఇద్దరు ఆడపిల్లల్లో ఒకతె. ఇప్పుడు చూపులేని అమ్మాయిలు చదువుకునే ఒక హాస్టలుకి ఆరేళ్ళుగా వార్డెను. సంచీలో పదకొండు ఇయర్‌ఫోన్లు తెచ్చింది. అన్నీ మూగబోయినవే. ఆ హాస్టల్లో ఇరవై నలుగురు ఉంటారు. వాళ్ళ పుస్తకాలన్నీ ఎవరో ఒకరు చదివి రికార్డు చేసినవే, ఫోన్లో పెట్టుకుని వింటారు. ఫోన్లు పైకి వినిపిస్తే హాలంతా సంత అయిపోతుంది. బాగున్న పదమూడింటిని ఇద్దరిద్దరు చెరో చెవిలో పెట్టుకుంటున్నారు గాని, ఒకరి పాఠం ఒకరికి కాదు, ఒకరి వేగం ఒకరికి పడదు. డిగ్రీ పరీక్షలకి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి.

సంచీ బల్ల మీద పెట్టింది గాని, ఆమె మనసులో ఉన్నది వేరే సంగతి.

“మాస్టారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. హాస్టలు నడిపే ట్రస్టువాళ్ళు ఆయా పోస్టు తీసేద్దామనుకుంటున్నారు. ఆవిడ చేసే పనులేమిటో రాసి పంపమన్నారు. వంటకి వేరే మనిషి ఉంది, ఊడవడానికి వేరే మనిషి ఉంది. రాద్దామని కూర్చుంటే నాకు రెండు లైన్లు కూడా రాలేదు. పైడితల్లి మంచిదే, నాకేం కోపం లేదు. కాని ఫలానా పని చేస్తుందని చూపించలేని మనిషిని ఉంచమని నేను ఏ మొహం పెట్టుకుని అడగను? అలా అడగడం న్యాయమేనా?”

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, సంచీలోంచి ఒక ఇయర్‌ఫోన్ లాగి ఆమె చేతిలో పెట్టారు.

“ముందు ఇది ఎక్కడ తెగిందో చూడు.”

శేషారత్నానికి ఆయన సంగతి తెలుసు. స్టూలు లాక్కుని కూర్చుంది. పిన్ను రేడియోకి పెట్టి, తీగని అంగుళం అంగుళం వంచుతూ వింది. చెవిమొగ్గ దగ్గర ఏమీ లేదు, మధ్యలో ఏమీ లేదు. పిన్ను పక్కనే వంచినప్పుడు పాట ఒకసారి గరగరమని వచ్చి పోయింది. అక్కడ కోసి, పైతొక్క ఒలిచింది. లోపల ఎర్రవి, పచ్చవి, రాగిరంగువి వెంట్రుకల్లాంటి తీగపోగులు, వాటి మధ్య పెనవేసుకుని తెల్లటి దారం. ఇంత సన్నటి పని ఆమె ఎన్నడూ చెయ్యలేదు. చదువుకున్నప్పుడు రేడియోలో తీగలు చేతికి దొరికేవి. ఇవి ఊపిరి తగిలినా పక్కకి పోతున్నాయి. సోల్డరింగ్ ఐరన్‌తో సీసం కరిగించి కొత్త పిన్నుకి అతకబోతే, అంటుకోకుండా బొట్టులా జారిపోయింది. పోగుల మీద కంటికి కనబడని పూత ఉంటుందని, అది కాలితే గాని సీసం పట్టదని మాస్టారు చెప్పారు. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి దారం అడ్డొచ్చి, కాలి, సీసంలో నల్లగా కలిసిపోయింది. విసుగొచ్చి కత్తెర తీసుకుని దారాన్ని మొదలంటా కోసేసింది. ఆ తర్వాత పోగులు బుద్ధిగా పిన్నుకి అంటుకున్నాయి. రెండు చెవుల్లోనూ పాట మోగింది. ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగింది.

“వచ్చేసింది మాస్టారూ!”

“మంచిది. అది చెవిలోనే ఉంచుకుని లేచి నిలబడు.”

ఆమె లేచింది. రేడియో బల్ల మీదే ఉంది. తీగ ఒక్కసారి బిగుసుకుంది, పాట ఆగిపోయింది. పిన్నులోంచి మూడు పోగులూ ఊడి వేలాడుతున్నాయి.

“లోపల దారం ఉండాలే, ఏం చేశావు?”

“అడ్డొస్తోందని కోసేశాను మాస్టారూ. అందులోంచి సౌండు రాదు కదా.”

“రాదు,” అని మాస్టారు ఒప్పుకున్నారు. “ఇంకోటి తియ్యి. ఈసారి ముందు దాన్ని ముడివెయ్యి.”

రెండోదానికి ఆమె తెల్ల దారాన్ని విడదీసి, పిన్నుకున్న చిన్న చిల్లులోంచి దూర్చి ముడి వేసింది. రాగిపోగులని కొంచెం వదులుగా ఉంచి, తర్వాత సీసం పెట్టింది. అతుకు మీదికి నల్ల గొట్టం తొడిగి, వేడికి ముడుచుకునేలా చేసింది. లేచి నిలబడింది. తీగ బిగుసుకుంది, ఆ లాగుడుని దారం ఆపింది, పాట సాగుతూనే ఉంది. మధ్యాహ్నానికి నాలుగు పూర్తయ్యాయి. మాస్టారి భార్య ఇచ్చిన మజ్జిగ తాగుతూ శేషారత్నం వేళ్ళు విరుచుకుంది. ట్రస్టు సంగతి ఆ రెండు మూడు గంటలూ ఆమెకి గుర్తే రాలేదు.

“ఏడాదికి ఎన్ని పోతుంటాయి ఇవి?” అని అడిగారు మాస్టారు.

“ఒకటో, రెండో.”

“ఈ పదకొండూ?”

“ఈ మూడు వారాల్లోనే.”

“మూడు వారాల్లో ఏం మారింది?”

“ఏమీ మారలేదు మాస్టారూ. పిల్లలు వాళ్ళే, గదులు అవే.”

మాస్టారు మిగిలినవాటితో పాటు సోల్డరింగ్ ఐరన్ కూడా సంచీలో పెట్టి ఇచ్చారు.

సాయంత్రం హాస్టల్లో మొదటి ఇయర్‌ఫోన్ మార్తా తీసుకుంది. బీఏ ఆఖరి సంవత్సరం పిల్ల, చరిత్ర చదువుతుంది. గంటసేపు కదలకుండా విని, అన్నాల గంట కొట్టగానే తీగ మెడలోంచి తీసి చేత్తో పట్టుకుని, గోడ తడుముకుంటూ నడిచింది.

“ఏం కావాలి మార్తా?”

“నా మేకు మేడమ్. చింతగింజ కట్టి ఉంటుంది చూడండి, అది.”

శేషారత్నం గోడ వైపు చూసింది. గుండెల ఎత్తున వరసగా ఇరవై నాలుగు మేకులున్నాయి. ఒకదానికి చొక్కా గుండీ, ఒకదానికి గవ్వ, ఒకదానికి గాజుముక్క, ఒక్కోదానికి ఒక్కో రకం వస్తువు పురికొసతో కట్టి ఉంది. ఆమె వాటిని రోజూ చూస్తున్నదే. తువ్వాళ్ళకేమో అనుకునేది.

“ఎవరు కట్టారివి?”

“పైడమ్మ. అన్నాల వేళకి అందరి మెడల్లోంచీ తీగలు తీసి, చుట్టి, ఎవరి మేకుకి వాళ్ళది తగిలించేది. పొద్దున్న తడుముకుంటే చేతికి దొరికేవి. ఆమె ఊరెళ్ళిన కాణ్ణించి దిండు కింద పెట్టుకుంటున్నాం, సంచుల్లో కుక్కుకుంటున్నాం. బాగుచేసిన దీన్నైనా జాగ్రత్తగా పెడదామని.”

పైడితల్లి కూతురి పురుడుకి గజపతినగరం వెళ్ళి సరిగ్గా మూడు వారాలైంది.

“మరి నాకెప్పుడూ చెప్పలేదేం?”

మార్తాకి ఆ ప్రశ్నే వింతగా తోచినట్టుంది. “చెప్పడానికేముంది మేడమ్? ఎప్పుడూ ఉండేదే కదా.”

శేషారత్నం ఆమె చేతిలోంచి తీగ తీసుకుని, నాలుగు వేళ్ళకి గట్టిగా చుట్టి, మేకుకి తగిలించబోయింది. మార్తా చెయ్యి చాచి ఆ చుట్టని తడిమి చూసింది.

“బిగించేశారు మేడమ్. పైడమ్మ బిగించదు. తీగ ఎటు తిరుగుతానంటే అటు తిరగనిస్తుంది, పిన్ను దగ్గర కాస్త వదిలేస్తుంది. ఇలా ఇవ్వండి.”

ఆ పిల్ల వేళ్ళలో తీగ మెత్తగా, పెద్ద గాజులా చుట్టుకుంది. శేషారత్నానికి సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే, ఎందుకో, మనసు తేలికపడింది. ఆరేళ్ళుగా తనకి తెలియకుండా ఈ హాలులో ఒక మంచి పని రోజూ జరుగుతూ ఉందన్నమాట.

మర్నాడు ట్రస్టుకి కాగితం రాసింది. “ఆయా సెలవులో ఉన్న మూడు వారాల్లో పదకొండు ఇయర్‌ఫోన్లు తెగిపోయాయి. ఆమె ఉన్నప్పుడు ఏడాదికి ఒకటో రెండో పోయేవి. ఆమె చేసే మిగతా పనులు నాకు ఇంకా తెలియవు. తెలుసుకుని రాస్తాను. అప్పటిదాకా పోస్టు తియ్యవద్దని మనవి.” అంతే రాసింది. కార్యదర్శి ఫోన్ చేసి, పనులు తెలియవని సంతకం పెట్టి పంపిన వార్డెన్ని ఇదే చూడడమని నవ్వాడు. పోస్టు మాత్రం ఉంచారు. మిగిలిన ఏడు తీగలూ శేషారత్నం పరీక్షలకి వారం ముందే అతికేసింది. ప్రతిదానికీ ముందు దారం, తర్వాత రాగి. వాటిలోనే ఉన్న, దారం కోసేసిన ఆ మొదటిదాన్ని కూడా తీగ మరికాస్త కోసి, కొత్తగా దారం బయటికి తీసి బాగుచేసింది. ఒక్కో తీగ చేతికి అందినప్పుడు ఒక్కో పిల్ల నవ్వింది. ఆమెకి చాలా రోజులుగా అంత నిండుగా గడిచిన వారం లేదు.

పరీక్షలు మొదలైన రోజున పైడితల్లి మనవడు పుట్టాడన్న కబురుతో, డబ్బాడు సున్నుండలతో దిగింది. సంచీ కింద పెట్టి ముందు గోడ దగ్గరికే వెళ్ళింది. ఒక చుట్ట బిగుసుకుని కనిపిస్తే విప్పి, మళ్ళీ చుట్టి తగిలించింది.

“పైడమ్మా, ఇదంతా నువ్వు చేస్తున్నావని నాకెప్పుడూ చెప్పలేదే?” అంది శేషారత్నం.

“ఇదీ ఒక పనేనేటమ్మా?” అని పైడితల్లి ఆశ్చర్యపోయింది. “పిల్లలవి ఒకదాంట్లో ఒకటి చిక్కడిపోతంటే సూడనేక సుట్టీసినాను.”

ఆ ఆదివారం శేషారత్నం నాలుగు సున్నుండలు పొట్లం కట్టుకుని మాస్టారి వరండాకి వెళ్ళింది. ఆయన ఎవరిదో పాత ట్రాన్సిస్టరు వెనక మూత విప్పి, లోపలి దుమ్ము కుంచెతో దులుపుతున్నారు. ఆమె జరిగినదంతా చెప్పింది. మేకుల గురించి చెప్పింది, చింతగింజ గురించి చెప్పింది, పైడితల్లి మాటని ఆమె యాసలోనే అని చూపించింది. మాస్టారు సున్నుండ చప్పరిస్తూ తల ఊపుతూ విన్నారు. చివరికి ఆమె అడిగింది.

“రోజుకి పదిసార్లు ఆ గోడ పక్కనుంచే నడుస్తాను మాస్టారూ. ఆరేళ్ళలో ఒక్కసారైనా నాకెందుకు కనబడలేదు?”

మాస్టారు కుంచె పక్కన పెట్టి, ట్రాన్సిస్టరు మూత బిగించారు.

“తెగనంత కాలం ఎవరూ విప్పి చూడరు కదమ్మా,” అన్నారు.