లోవరాజు చెప్పని జవాబు

అనగనగా, ఆవిరి ఓడలు ఇంకా పుట్టని కాలంలో, ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట ఒక రేవు. ఆ రేవులో ఓడలకు కొబ్బరిపీచు తాళ్లు పేనేవాడు లోవరాజు. వాడి ఆస్తల్లా తాత చెప్పిపోయిన ఒక్క కథ. చచ్చేలోగా అది నలుగురి చెవుల్లో పూర్తిగా పడాలి, అంతే వాడి కోరిక.

ఆ రేవులో ఒక కట్టుబాటు ఉంది. వినేవాళ్ళు ఊ కొట్టందే కథలో ఆఖరి మాట చెప్పకూడదు. ఊళ్ళోవాళ్ళకు అంత ఓపికెక్కడిది? మధ్యలోనే దులుపుకుని లేచిపోయేవారు. చివరిదాకా ఊ కొట్టింది పెళ్ళాం నూకాలు ఒక్కతే.

తెలుగు నేర్చిన దొర ఒకడు సగం కథ విని ముచ్చటపడ్డాడు. "మా దేశం రా లోవరాజూ. నువ్వు చెప్పు, నేను మా భాషలో చెబుతాను. మిగతాది మావాళ్ళతో కలిసి వింటాను" అన్నాడు.

"అక్కడ నీకు ఊ కొట్టేదెవరు మామా?" అంది నూకాలు.

"అంతమంది దొరల్లో ఒక్కడైనా కొట్టడేంటే?" అని నవ్వి ఓడెక్కాడు.

మొదటి పట్నంలో సభ కిక్కిరిసింది. "నావాళ్ళు నాతో వస్తారా?" అని తాత కథలోని రాజు చివరికి చావును అడిగాడు. "రారు." "నా పేరు వస్తుందా?" "రాదు." "మరైతే నేనెవణ్ణి?"

లోవరాజు ఆగాడు. చూశాడు. ఎవరూ ఊ కొట్టలేదు.

మాట్లాడకపోవడం వాళ్ళ మర్యాద. అతని మౌనమే జవాబనుకుని కళ్ళు తుడుచుకుంటూ లేచారు. వీళ్ళకీ ఓపిక లేదనుకున్నాడు లోవరాజు. అడిగి కొట్టించుకునే ఊ ఏం ఊ? దొరకు కూడా చెప్పుకోలేదు.

రెండో పట్నం. ఆగాడు. చూశాడు. ఎవరూ ఊ కొట్టలేదు.

మూడో పట్నం. ఆగాడు. చూశాడు. ఎవరూ ఊ కొట్టలేదు.

ఆ దిగులుతో, ఆ దేశపు చలితో మంచాన పడ్డాడు. "ఇంతమందిలో ఒక్కరూ ఊ కొట్టలేదు దొరా" అన్నాడు ఆఖరికి. దొరకు అప్పుడు అర్థమైంది. "ఊ, లోవరాజూ! ఊ!" అని ఏడ్చాడు. లోవరాజు పెదాలు కదిలాయి. గొంతు రాలేదు. అలాగే పోయాడు.

దొర తిరిగొచ్చి నూకాలు కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "ఆ మూడో జవాబు నీకు తెలుసుగా తల్లీ, చెప్పు."

"తెలుసు బాబూ. నేను ఊ కొట్టేదాన్ని. చెప్పేవాడేడి?" అంది. మళ్ళీ ఆ కథ ఊసెత్తలేదు. జవాబు ఆమెతోనే మట్టిలో కలిసింది.

దొర దేశంలోవాళ్ళు ఏటా ఒకచోట చేరి, ఆ ప్రశ్న అడిగి, మాట్లాడకుండా కూర్చుంటారట. అదే జవాబనుకుంటారు పాపం.

ఈ రేవులో మాత్రం అప్పట్నుంచి కథ మధ్యలో ఎవరూ లేవరు. లేవక తప్పకపోతే పక్కవాళ్ళ భుజం తట్టి, "నా ఊ కూడా నువ్వే కొట్టు" అని చెప్పి మరీ లేస్తారు.