తగిలే చోట రంగు

నాగూరు విల్లు వేడెక్కలేదు.

విల్లంటే బాణాలు వేసేది కాదు, థర్మోకోల్ కోసేది. వంచిన కర్ర, రెండు కొసల్లో రెండు బోల్టులు, వాటి మధ్య బిగించిన సన్నటి తీగ. కరెంటుని తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కరెంటు వస్తే తీగ కాగుతుంది. కాగిన తీగ చప్పుడు లేకుండా థర్మోకోల్ పలకలోంచి నడిచిపోతుంది. అంతకుముందు రంపంతో కోసేవాళ్ళు. ఆ కిర్రుమనే చప్పుడుకి పళ్ళు జివ్వుమనేవి. తెల్లగింజలు మీసాల్లో, చొక్కాలో, తినే అన్నంలో. దులిపితే పోవు, దులిపిన చేతికే అంటుకుంటాయి. దానికి కాలేజీలో మా ఫిజిక్సు మేష్టారు ఒక కారణం చెప్పారు గాని అది ఇప్పుడు అక్కర్లేదు.

కావలిలో మొహిద్దీన్ ఉస్తాదు గారి డెకరేషన్ షెడ్డులో ఒక ఆచారం ఉండేది. శిష్యుడు తన విల్లు తానే కట్టుకోవాలి. దానితో మొదటి కోత అందరి ముందూ కొయ్యాలి. అప్పటిదాకా వాడు జిగురు పూసేవాడే, పలకలు మోసేవాడే. అప్పటికి నేనూ అక్కడ అంతే. ఉస్తాదు దర్గాలో గంధం పండగకి తోరణం కట్టేవారు, రాములవారి పెళ్ళికి పందిరి కట్టేవారు, క్రిస్మసుకి నక్షత్రాలు చేసేవారు. మాటలు తక్కువ. బోధలు చేసే మనుషుల్ని చూస్తే ఆయనకి చిరాకు.

ఆ ఏడు దర్గా తోరణం మీద పెట్టే నెలవంకని చిన్న శిష్యుడు నాగూరే కొయ్యాలి, వాడికదే మొదటి కోత. సాయంత్రానికి తోరణం లేవాలి. పొద్దున వాడు విల్లు బిగించి స్విచ్చి వేసినప్పుడు తీగ కాగలేదు.

"నిన్న కాగింది ఉస్తాద్. నా కళ్ళారా చూశా. ఎర్రగా అయింది."

నిన్న కాగిన మాట నిజమే. ఆ తరవాత వాడు విల్లు మొత్తం విప్పి రంగులు వేశాడు. డెకరేషన్ పనివాళ్ళకి ఇదొక జబ్బు, రంగు లేని వస్తువు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. కర్రకి ఎరుపు, బోల్టులకీ నట్లకీ వాషర్లకీ వెండి రంగు. ఆరబెట్టి, మళ్ళీ బిగించి, గోడకి తగిలించి అన్నానికి పోయాడు. ఆ కాసేపూ షెడ్డులో ఉన్నది ప్రభుదాసు ఒక్కడే.

ప్రభుదాసు పెద్ద శిష్యుడు. నాగూరుకి కత్తెర పట్టుకోవడం నేర్పినవాడు. పోయినేడు నెలవంక కోసింది అతనే.

నాగూరు స్కూటర్ బల్బు ఒకటి తెచ్చి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పెట్టి చూశాడు. వెలిగింది. విల్లు బోల్టుల దగ్గర పెట్టాడు. వెలగలేదు.

"మధ్యలో వైరు తెంపినారు," అన్నాడు.

"ఎవురు?" అన్నాడు దాసు.

"నీకు తెలీదా?"

"నాకేం తెలుసురా?"

"పోయినేడు కోసినోడికి ఈ ఏడు కడుపు మండదా? నేను అన్నానికి పోయినప్పుడు నువ్వే గదా ఉండింది. దొంగ నాయాలా, మొహమ్మీదే చెప్పి చెయ్యాల్సింది."

దాసు చేతిలో ఉన్న జిగురు డబ్బా కింద పెట్టాడు. పెట్టిన తీరు చూస్తే విసిరికొట్టినా బాగుండేదనిపించింది.

"నీ వైరు తెంపి నేనేం కట్టుకుపోతానురా? నీకు కత్తెర పట్టుకోవడం నేర్పిందెవురు?"

"నేర్పినావు. ఇప్పుడు ఏడుస్తా ఉండావు. ఉస్తాద్, ఈ షెడ్డులో ఉంటే ఇతనన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి."

కోపానికి కళ్ళుండవంటారు. అది తప్పు. బాగానే ఉంటాయి, కాకపోతే ఒక్క మనిషినే చూస్తాయి.

నాగూరు బ్లేడుతో వైరు పొడుగునా చీల్చాడు. లోపల రాగి ఎక్కడా తెగలేదు. అది చూసి చల్లబడాల్సినవాడు ఇంకా మండిపోయాడు. తెగిన చోటు కనబడితే వాడికి బావుండేది. దాసు అవతల మూలకి పోయి సంచిలో చొక్కా, లుంగీ కుక్కుతున్నాడు. అతనివైపు చూస్తూనే నాగూరు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వైరు లాగేశాడు.

"దీని సంగతి నేను చూస్తా. ఎట్లా కాగదో చూస్తా."

ఆ చీల్చిన వైరు కొసల్ని నేరుగా గోడ ప్లగ్గులో పెట్టబోయాడు.

పైనున్న ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది.

చూస్తే ఉస్తాదు మెయిన్ బోర్డు దగ్గర నిలబడి ఉన్నారు. ఫ్యూజు పీకి జుబ్బా జేబులో వేసుకున్నారు. ఆయన మొహం ఎర్రబడి ఉంది. నాగూరు దగ్గరికి వచ్చి చెయ్యెత్తారు. కొడతారనుకున్నాం. వాడి చేతిలోంచి వైరు లాగి కింద పడేశారు.

"చచ్చేవాడివి," అన్నారు. "వాడి మీద కోపంతో నువ్వు చచ్చేవాడివి."

రేకుల షెడ్డు. ఫ్యాను లేకపోతే వైశాఖ మాసంలో అందులో మనిషి నిలవలేడు. ఎవరూ కదల్లేదు.

ఉస్తాదు నేలమీద కూర్చుని విల్లు ఒళ్ళో పెట్టుకున్నారు. నట్టు విప్పారు. వాషరు తీసి వెలుతురులో పెట్టి చూశారు. వెండి రంగు, చక్కగా, ఒక్క మచ్చ లేకుండా వేశాడు. తీగ కూర్చునే చోటా రంగే, వైరు కూర్చునే చోటా రంగే. ఆయన వాషరునీ ఒక చాకునీ నాగూరు చేతిలో పెట్టారు.

"గీకు."

నాగూరు గీకాడు. వెండి రంగు పొట్టులా రాలింది, దాని కింద మామూలు ఇనుము కనబడింది. వాడి చెయ్యి ఆగిపోయింది. ఇంకెవరూ చెప్పక్కర్లేదు, కరెంటుకి అడ్డం పడింది రంగే, రంగు వేసింది వాడే.

"తగిలే చోట రంగెందుకురా?" అన్నారు ఉస్తాదు.

వాడు తల దించుకుని మిగతా వాషర్లు గీకాడు, బోల్టులు గీకాడు, నట్ల లోపల కూడా గీకాడు. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు. చీల్చిన వైరు పక్కన పడేసి కొత్త వైరు వేశాడు. తీగ మళ్ళీ బిగించాడు. ట్రాన్స్‌ఫార్మర్‌కి కలిపి, ఫ్యూజు కోసం చెయ్యి చాపాడు.

ఉస్తాదు జేబు మీద చెయ్యి వేసుకున్నారు.

"ఇంకో చోట గీకాలి."

నాగూరు విల్లు తిప్పి చూశాడు. రెండు కొసలూ శుభ్రంగా ఉన్నాయి. వైరు చూశాడు. తరవాత తలెత్తి దాసువైపు చూశాడు. దాసు చెప్పులు వేసుకుంటున్నాడు.

నాగూరు లేచి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభుదాసు గారూ, పెద్దవారు మీరు. ఏదో పని ఒత్తిడిలో ఒక మాట జారింది. పెద్దమనసుతో క్షమించాలని మిమ్మల్ని కోరుకుంటా ఉండా."

పెళ్ళి పందిట్లో మైకు పట్టుకున్నవాడు మాట్లాడినట్టే ఉంది. దాసు వినిపించుకోనట్టు రెండో చెప్పు కోసం కాలితో వెతుక్కుంటున్నాడు.

ఉస్తాదు నేలమీద నుంచి లేవలేదు. చాకు తీసి నాగూరు వైపు చాపారు.

"ఇంకా రంగే ఉంది."

నాగూరు ఆ చాకు వైపు చూశాడు, తీసుకోలేదు. ఈసారి మైకు గొంతు కాదు.

"దాసన్నా. నిన్ను దొంగన్నా. చూడకుండానే అన్నా. నువ్వు చేసుంటే బాగుండని కూడా అనుకున్నా."

దాసు అప్పుడు వాడి మొహంలోకి చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని అవి కోపం నీళ్ళే.

"ఆ మాట నాకు జన్మలో పోదురా," అన్నాడు.

సంచి మాత్రం భుజానికి ఎత్తుకోలేదు.

ఉస్తాదు జేబులోంచి ఫ్యూజు తీశారు.

"ఇప్పుడు తగిలింది," అన్నారు.