అర్జీలో తదితరులు

దస్తగిరికి నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు. ఐదు సంఘాలను ఒకే అర్జీ మీదికి తేవడం అతని పని.

రాళ్ళ క్వారీలో కూలికి పోయిన తొమ్మిది కుటుంబాలను యజమాని మూడు నెలలుగా గేటు దాటనివ్వడం లేదు. జ్వరమొచ్చినా అంతే. వాళ్ళను విడిపించమని కూలీల సంఘం ఒక అర్జీ పెట్టింది. మహిళా సంఘం ఒకటి, వకీళ్ళు ఒకటి, చర్చివాళ్ళు ఒకటి, మసీదు కమిటీ ఒకటి. ఐదూ కలెక్టరాఫీసులో ఐదు చోట్ల పడున్నాయి. ఏదీ కదల్లేదు.

కలిసి ఒకటే రాద్దామంటే అందరూ సరేనన్నారు. ఎవరి పేరు ముందుండాలి అన్న దగ్గర ఆగిపోయారు.

"మొదటినుంచీ తిరుగుతున్నది మేము" అన్నారు కూలీల సంఘంవాళ్ళు.

"తిరిగితే సరిపోతుందా? చట్టం చెప్పిందెవరు?" అన్నాడు వకీలు శేషఫణి.

చివరికి దస్తగిరి చీట్లు వేయించాడు. అందరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో, చుట్టూ గీత గీయించి మరీ టైపు చేయించాడు. గురువారంనాడు ఆ కాగితాలు పట్టుకుని, కొండ కింది దర్గాలో ఉండే తన గురువు జమాల్ బాబా దగ్గరికి వచ్చాడు.

"అయిపోయింది బాబా! ఒక్కరు అలిగితే ఒట్టు. చూడండి."

బాబా చెయ్యి చాచలేదు.

"ఓబులమ్మకు చదివి వినిపించు" అన్నాడు.

ఓబులమ్మ ప్రతి గురువారం వచ్చి దర్గా వాకిలి ఊడుస్తుంది. ఆమె కొడుకు సుంకన్న, కోడలు ఆ క్వారీలోనే ఉన్నారు. చీపురు పక్కన పెట్టి, కొంగు సర్దుకుని కూర్చుంది. చదువు రానివాళ్ళు కాగితం ముందు కూడా పెద్దమనిషి ముందు కూర్చున్నట్టే కూర్చుంటారు.

దస్తగిరి చదివాడు. మొదటి పేజీ నిండా సంఘాలు, అధ్యక్షులు, కార్యదర్శులు. ప్రతి పేరుకీ ఆమె తల ఊపింది. రెండో పేజీ అడుగున విషయం వచ్చింది. "మాదన్న, గంగులు తదితర కార్మికులను వెంటనే విడిపించవలసిందిగా కోరుతున్నాము."

"బాగుంది నాయనా. మావాడు యాడుండాడు ఇందులో?"

"ఉన్నాడవ్వా. తదితరుల్లో ఉన్నాడు."

"అంటే, యాడ?"

దస్తగిరి వేలు ఆ మాట మీద పెట్టాడు. వేలు అక్కడే ఉండిపోయింది.

"చోటు చాల్లేదవ్వా" అన్నాడు మెల్లగా.

"పోనీలే నాయనా. వాడెప్పుడూ ఎనకనే నిలబడతాడు. ఇంతమంది పెద్దోళ్ళుండారు గదా."

బాబా లేచి లోపలికి వెళ్ళి ఒక తెల్లకాగితం, కలం తెచ్చి దస్తగిరి ముందు పెట్టాడు.

"అమ్మా, లోపలుండేవాళ్ళ పేర్లు తెలుసా?"

"తెలవకేం సామీ!"

ఇల్లిల్లూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఆమె చెప్పింది. అతను రాశాడు. ఇరవై ముగ్గురు. సుంకన్న పేరు దగ్గర ఆమె వంగి చూసింది.

"ఇదేనా?"

"ఇదే అవ్వా."

"అంత పొడుగు మనిషి ఇంతలోనే పట్టినాడే!"

పేర్ల కింద దస్తగిరి ఒక్క ముక్క రాశాడు: వీళ్ళను విడిపించండి. కాగితం నిండిపోయింది.

"బాబా, మరి మా సంఘాలు?"

"మిగిలిన చోట సర్దుకోండి."

మర్నాడు ఐదు సంఘాలవాళ్ళూ ఆ కాగితం చుట్టూ చేరి పేర్లు చదువుకున్నారు. ముందుగా శేషఫణి కలం తీశాడు. అంచున అడ్డంగా సంతకం పెట్టి పక్కకు జరిగాడు. తర్వాత మిగతావాళ్ళు సంతకాలకు ఒకరి మీద ఒకరు పడ్డారు. పాస్టరుగారి సంతకం మీదికి మసీదు కమిటీ ముద్ర ఎక్కింది. ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఆఫీసులో అధికారి కాగితాన్ని ఇటూ అటూ తిప్పాడు. "ఇది ఏ సంఘం అర్జీ?"

"ఈ అమ్మది సార్" అని శేషఫణి ఓబులమ్మను ముందుకు నడిపించాడు.

అధికారి పేర్లు చదవడం మొదలుపెట్టాడు. "మాదన్న."

"ఉండాడు సామీ" అంది ఓబులమ్మ.

"గంగులు."

"ఉండాడు సామీ."

ఐదో పేరు వచ్చేసరికి ఆమెతో పాటు హాలంతా పలికింది. ఇరవై మూడో పేరు పలికేసరికి అధికారి కుర్చీలోంచి లేచి జీపు తీయమన్నాడు.

పొద్దు వాలకముందే దస్తగిరి దర్గాకు పరుగెత్తుకొచ్చాడు. ఛాతీ ఎగిసిపడుతోంది.

"బాబా, ఇరవై ముగ్గురూ బయటికొచ్చారు! మా సంఘాల పేర్లే... ఒకదాని మీద ఒకటి పడి, ఒక్కటీ చదవడానికి రాలేదు."

"గేటు తెరిచారా?"

"బార్లా తెరిచారు బాబా."

"అయితే బాగానే చదివారు" అన్నాడు బాబా.