దాదాపీరు సానరాళ్లు

“దాదాపీరూ, ఓ దాదాపీరూ, యాడున్నావ్‌రా? బాబా పిలుస్తాండారు. నీ రాళ్లన్నీ ఎత్తుకోని రమ్మన్నారు.”

వంటపాక దగ్గర్నుంచి తోటి శిష్యుడు ఓబులేసు కేక. కుందూ ఏట్లో మోకాటిలోతు నీళ్లలో వంగి, ఇంకో రాయి కోసం తడుముతున్న దాదాపీరు అట్లాగే ఆగిపోయాడు. నీళ్ల అడుగున కలువమొగ్గలాంటి నల్లరాయొకటి మెరుస్తోంది. దాన్నీ చేతిలోకి తీసుకుని ఒడ్డెక్కాడు.

దర్గాలో అందమైన రాత నేర్పే బురాన్‌షా బాబా దగ్గర ఒక పద్ధతి ఉంది. రాత నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి శిష్యుడికీ ఆయన ఒక మడతకత్తి, ఒక కాకివెదురు పుల్ల ఇస్తాడు. ఆ పుల్లను ఎవరికి వాళ్లే కలంగా చెక్కుకోవాలి. కలం తయారైన రోజున బాబా పక్కన కూర్చోబెట్టుకుని, చేయి పట్టి మొదటి అక్షరం రాయిస్తాడు. పుల్ల మాత్రం ఒక్కటే. ఏటి ఒడ్డున ఆ వెదురును ఏడాదికోసారే కోస్తారు.

దాదాపీరు వచ్చిందే ఆ అక్షరం కోసం. చిన్నప్పుడు అమ్మ వెంట ఉరుసుకు వచ్చి, దర్గా వాకిలి మీద బాబా రాసిన రాత చూశాడు. ఒక్క ముక్క చదవడం రాదు. అయినా ఆ వంపుల్ని చూస్తుంటే ఎవరో తనను పేరు పెట్టి పిలుస్తున్నట్టే ఉండింది. ఆ పిలుపు ఆ తర్వాత ఎన్నోసార్లు కలలోకి వచ్చింది.

తీరా వచ్చాక, కలం ఏదిరా అని ఎవరడిగినా, కత్తికి పదును లేదన్నాడు. మంచి సానరాయి దొరకాలన్నాడు. అప్పట్నుంచీ రాళ్ల వేట మొదలైంది. సంతలో కత్తులు నూరే అతన్ని బతిమాలి అరిగిపోయిన చక్రం ముక్క తెచ్చాడు. అది మరీ గరుకు. మంగలి సుంకన్న తన నూనెరాయి ఇస్తే, అది మరీ నునుపు. ఒకవైపు గరుకూ ఒకవైపు నునుపూ ఉన్న రాయి ఎవరో తెచ్చిస్తే, రెండు మొహాలున్నదాన్ని ఎట్లా నమ్మేదన్నాడు. దొరికిన ప్రతి రాయినీ ఎండలో పట్టుకుని చూసేవాడు. దీంట్లో వానమబ్బు ఉంది, దీంట్లో పావురం మెడ ఉంది అని మురిసిపోయేవాడు. మర్నాటికల్లా దానికో వంక పెట్టేవాడు.

తోటి శిష్యులకు ఇదొక వేడుకైపోయింది. ఓబులేసైతే అన్నం వడ్డిస్తూ, “ఇన్ని రాళ్లను చూసినోడివి, ఇంతమంది పిల్లల్ని చూసుంటే ఈపాటికి కాపురం పెట్టుందువు కదరా,” అన్నాడు. పంక్తి అంతా నవ్వింది. దాదాపీరూ నవ్వాడు గానీ అన్నం సగంలోనే వదిలి లేచిపోయాడు.

ఎందుకంటే అసలు పుల్లే లేదు. వచ్చిన రోజే ఆత్రంగా చెక్కబోతే అది నిలువునా చీలిపోయింది. ఆ రెండు బద్దల్నీ రుమాల్లో చుట్టి పెట్టె అడుగున దాచాడు. చెబితే, పో, వచ్చే ఏడాది రా అంటారేమోనని భయం. ఆ భయంలోనే నెపం కత్తి మీదికి నెట్టాడు. బాబా మొద్దుకత్తి ఇచ్చాడట అని ఇప్పుడు ఊళ్లో కూడా అనుకుంటున్నారు.

బాబా చాప మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నాడు. దాదాపీరు రాళ్లన్నీ ఆయన ముందు పేర్చి, ఒక్కోదాని గుణమూ, ఒక్కోదాని లోపమూ చెప్పుకుంటూ పోయాడు. చివరికి, వీటిలో ఏది మంచిదో మీరే తేల్చాలన్నాడు.

బాబా కత్తి అడిగి తీసుకుని మడత విప్పాడు. గడ్డంలోంచి ఒక తెల్లవెంట్రుక పీకి, “అబ్బా” అనుకుని, దాన్ని పైకి పట్టుకుని కత్తి ఆనించాడు. వెంట్రుక రెండు ముక్కలైంది.

ఓబులేసు గరిటె పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. దాదాపీరు తల వంచుకున్నాడు.

బాబా లేచి, వాకిట్లో బండమెట్టు దగ్గర చతికిలబడి, కత్తి అంచును ఆ బండకేసి బరబరా గీకాడు. ఆ చప్పుడుకు చూరులోని పావురాలన్నీ లేచిపోయాయి. గీకి గీకి, బొటనవేలితో తడిమి చూసుకుని, తృప్తిగా తల ఊపి, కత్తి తెచ్చి దాదాపీరు చేతిలో పెట్టాడు.

“ఇప్పుడు దీనికి రాయి కావాల. ఎంచుకో.”

దాదాపీరు కూర్చున్నాడు. చేతికందిన రాయి లాక్కుని నీళ్లు చిలకరించి నూరసాగాడు. మొదట్లో కత్తి జారిపోయింది. రాళ్లు ఒకదాని మీదొకటి దొర్లాయి. చెంబు ఒలికింది. కాసేపటికి సరసరమని చప్పుడు ఒకే తీరున రావడం మొదలైంది. వానమబ్బులూ పావురం మెడలూ అన్నీ మరిచిపోయాడు. తల ఎత్తేసరికి ఎండ మెట్లు దిగిపోయింది. కత్తి అంచు మీద వెలుగు సన్నటి దారంలా నిలిచింది.

ఏ రాయి బాగుందిరా అని బాబా అడిగాడు.

దాదాపీరు కిందికి చూశాడు. తడిసిన రాళ్లన్నీ ఒకే రంగులో ఉన్నాయి. దేని మీద నూరాడో తనకే గుర్తులేదు. ఆ మాటే చెబితే ఓబులేసు స్తంభానికి ఆనుకుని మరీ నవ్వాడు. బాబాకూ నవ్వొచ్చింది. దాదాపీరు కూడా, ఇన్నాళ్లకు, కడుపారా నవ్వాడు.

“సరే, కత్తి అయింది,” అన్నాడు బాబా. “పుల్ల తెచ్చుకో.”

దాదాపీరు లేచాడు. గడప దాకా వెళ్లి ఆగిపోయాడు. పుల్ల తడిసింది, ఆరాలి అనే సాకు నాలుక చివరి దాకా వచ్చింది. బాబా తొందరపెట్టలేదు. చాప మీద కొంచెం పక్కకు జరిగి, తన పక్కన ఇంకొకరు కూర్చునేంత చోటు చేసి, మళ్లీ శనక్కాయలు ఒలుచుకోసాగాడు.

దాదాపీరు వెనక్కి వచ్చి ఆ చోట్లో కూర్చున్నాడు.

“పుల్ల లేదు బాబా,” అన్నాడు. “వచ్చిన దినమే చీల్చుకుంటి. మీ కత్తి ఆ పొద్దు కూడా పదునుగానే ఉండె. అక్షరం మీద ఆశతో నా చెయ్యే వణికె. నేను తప్పంతా కత్తి మీద ఏస్తి.”