వన్నెరేవు తడికోకమ్మ పాదాల ఎరుపు

కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటికి కాస్త ఉత్తరంగా, ఉప్పు కయ్యలు దాటి ఇసుకదిబ్బ ఎక్కితే వన్నెరేవు తడికోకమ్మ తల్లి గుడి కనిపిస్తుంది. ఊరి పేరులో రేవు ఉందే గాని, ఇప్పుడిక్కడ ఓడ ఆగదు. సముద్రం ఏనాడో దూరం జరిగింది. భక్తులు బస్సు దిగి, చెప్పులు చేతబట్టుకుని ఇసుకలో నడిచి రావలసిందే. అమ్మవారిది నల్లరాతి విగ్రహం, నిలువెత్తు రూపం. పాదాలు మాత్రం చీలమండల దాకా ఎర్రగా ఉంటాయి. ఇక్కడ ఎవరైనా ఆ పాదాలు తాకవచ్చు గనుక, పారాణి ఎవరు పెట్టారో అని గోటితో గీకి చూసేవారికి కొదవ లేదు. అర్చకులు చూసీ చూడనట్టు ఊరుకుంటారు, ఎందుకంటే గీకినా ఏమీ రాదు.

పూర్వం ఇక్కడ అద్దకం పనివారి పేట ఉండేది. కరక్కాయ రసంలో నానబెట్టి, పటిక పట్టించి, చిరివేరు అనే మొక్క వేళ్లతో ఉడికించి వారు తేల్చే ఎరుపు ఎన్ని ఉతుకులకైనా చెక్కు చెదిరేది కాదు. తూర్పు సముద్రానికి ఆవల, గాలివాటున నెలల తరబడి సాగితే వచ్చే శంఖద్వీపం వారికి ఆ ఎర్రకోకలంటే ప్రాణం. అక్కడి నుంచి మనకు కర్పూరం, లవంగాలు వచ్చేవి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం తాతల నాటి నుంచి ఉన్నా, రెండు దేశాల ఏలికలకు మాత్రం మాటామంతీ లేదు. అలా ఉండగా శంఖద్వీపంలో కొత్త రాణికి పట్టాభిషేకం నిశ్చయమైంది. తెలుగు నేల కోక కట్టుకునే అభిషేకం చేయించుకుంటాననీ, ఆనాటి నుంచి మీ ఆపద మా ఆపద అనీ ఆమె మన రాజుకు కబురంపింది. రాజు పొంగిపోయి, ఒకే తానులో జోడు కోకలు సిద్ధం చేయమన్నాడు. ఒకటి ఆ రాణికి, రెండవది ఇక్కడి రేవు అమ్మవారికి. రెండు దేశాలూ ఒకే బట్ట కట్టినట్టు ఉంటుందని ఆయన ముచ్చట.

ఆ పని పేట పెద్ద ఐతమసెట్టి చేతికి వచ్చింది. చెయ్యి తిరిగిన మనిషి. ఆ మాట ఇతరులు అనేలోగా తానే అనేవాడు, అదొక్కటే అతనిలో లోపమని పేటలో నవ్వుకునేవారు. జోడు కోకలు అద్దకం ముగించుకుని ఎండలో ఆరుతుండగా రేవు అధికారి వచ్చి చూసి, "ఇంకాస్త ఎరుపు ఉంటే చూపు తిప్పుకోలేరు సెట్టీ" అని పోయాడు. అంతే. ఐతమసెట్టికి ఆ పూట అన్నం సయించలేదు. చిరివేరు ఎరుపు నెమ్మదైన ఎరుపు. దానికి ధగధగలు ఉండవు. పెళ్లికూతురి పాదాలకు రాసే లత్తుకను పలచగా కలిపి, ఆ కోకల మీద పైపూతగా తానే ఒంటరిగా పూసి ఆరబెట్టాడు. చూసినవారు నోళ్లు తెరిచారు.

పేటలో ఒక కట్టుబాటు ఉండేది. ఓడెక్కే ప్రతి బట్టనూ అందరి ఎదుట తడిపి, పిండి, నీళ్లు తెల్లగా దిగితేనే ముద్ర వేసేవారు. సరుకు ఎక్కించుకునే ఓడనాయకుడు పోలయ్య ఆ మాటే అడిగాడు.

"సెట్టిగారూ, ఈ కోక తడిపి చూశారా?"

"తడిపితే అది కొత్తకోక ఎట్టా అవుద్ది పోలయ్యా? మడత నలగని బట్ట పెడతారు గాని, ఎవరన్నా రాణికి ఉతికిన గుడ్డ పెడతారా?" అన్నాడు ఐతమసెట్టి.

వినడానికి ఎంత మర్యాదగా ఉందో చూడండి. కొత్త బట్ట తడిస్తే కొత్తదనం పోతుందన్నది మన ఇళ్లలో అందరూ అనేదే. అందుకే ఎవరూ కాదనలేకపోయారు. పోలయ్య కూడా తలూపి రాణి కోక ఉన్న పెట్టె ఎత్తించాడు. రెండవ కోక ఉత్సవం దాకా ఉండనిమ్మని గుడి పెట్టెలోకి చేరింది. లత్తుక సంగతి ఐతమసెట్టి కడుపులోనే ఉండిపోయింది.

గాలి మళ్లిన ఋతువులో పోలయ్య ఓడ తిరిగి వచ్చింది. దానిలో శంఖద్వీపం రాజదూత సిరువాన్ కూడా వచ్చాడు. వర్తకుల వెంట తిరిగి మన భాష నేర్చినవాడు. రచ్చచావడిలో అందరినీ కూర్చోబెట్టి జరిగింది చెప్పాడు. అభిషేక జలం పోయగానే రాణి ఒంటి మీది నుంచి ఎర్రటి నీళ్లు ధారలు కట్టాయి. నెత్తురనుకుని ఆడవారు కేకలు పెట్టారు. తెలుగువారు చేతబడి చేసి పంపారని సామంతులు లేచారు. రాణి మాత్రం ఆ తడికోకతోనే అభిషేకం పూర్తయ్యేదాకా నిలబడింది. ఆ మీదట మన ఓడలకు రేవులు మూయించింది.

"తప్పు ఎవరిదో తెలుసుకుని రమ్మంది మా రాణి. శిక్షించమనలేదు. తెలుసుకోమంది," అన్నాడు సిరువాన్.

సముద్రపు నీరు పెట్టెలోకి దిగి రంగు చెడి ఉంటుందని రేవు అధికారి అన్నాడు. అది అందరికీ నచ్చింది. చూపులన్నీ పోలయ్య వైపు తిరిగాయి. పోలయ్య లేచి, "పెట్టెలోకి చుక్క నీరు దిగలేదండీ. ఎక్కించేటప్పుడే నేనడిగాను. సెట్టిగారినే చెప్పమనండి" అన్నాడు.

ఐతమసెట్టి ఆ క్షణంలో నోరు విప్పి ఉంటే ఈ స్థల పురాణమే లేదు. అతను నేల చూస్తూ, "నా చేతిలో ఉన్నంతవరకు కోక బాగానే ఉంది" అన్నాడు. ఆ మాటలో అబద్ధమంటూ ఏమీ లేదు. అందుకే అది మరింత నీచంగా తోచింది అతనికి. పోలయ్య అతన్ని ఒక్కసారి చూసి కూర్చున్నాడు. ఇక ఓడ నడపరాదని అధికారి తీర్పు చెప్పి, అతని చేత చుక్కాని దించి పెట్టించాడు.

ఆనాటి నుంచి పోలయ్య ఒడ్డున కూర్చుని ఎవరివో వలలు బాగుచేసేవాడు. సముద్రాలు దాటినవాడు ఇసుకలో కూలికి కూర్చున్నాడు. ఐతమసెట్టి రేవు దారి మానేసి, తుమ్మల వెనక నుంచి చుట్టూ తిరిగి పేటకు పోయేవాడు. ఒకనాడు ఎదురుపడితే పోలయ్యే పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. తిట్టి ఉంటే బాగుండునని ఐతమసెట్టికి అనిపించింది. పేటలో అతన్ని ఇంకా పెద్దా అని పిలుస్తుంటే, ఆ పిలుపుకు సిగ్గుతో చచ్చిపోయేవాడు. ఇక్కడ తాను నోరు మూసుకున్నంత కాలం అక్కడ ఒక దేశం తన జాతిని చేతబడిగాళ్లనుకుంటూనే ఉంటుంది.

సిరువాన్ తిరుగు ప్రయాణానికి వీలైన గాలి కోసం ఆగి ఉన్నాడు. ఒక మధ్యాహ్నం ఐతమసెట్టి భోజనం చేసి నడుం వాల్చగా అమ్మవారు కలలోకి వచ్చింది. ఒళ్లంతా తడిసి, ఎర్రటి నీళ్లు కారుతూ గడపలో నిలబడింది. "తుడుచుకోను ఒక గుడ్డ ఇయ్యి నాయనా" అంది. అతను పెట్టెలన్నీ తెరిచాడు. ఏ గుడ్డతో అద్దినా ఆ గుడ్డ రంగు ఆమెకు అంటుతోంది. చేతులతో తుడవబోతే చేతుల నుంచీ రంగు దిగింది. ఆమె కోపగించలేదు, అలాగే నిలబడి చూసింది.

మెలకువ వచ్చి, ఒళ్లంతా చెమటతో ఐతమసెట్టి రేవు గుడికి పరుగెత్తాడు. అమ్మవారికని ఉంచిన రెండవ కోక గుడి పెట్టెలోనే ఉంది. ఊరంతటినీ, సిరువాన్‌నూ, పోలయ్యనూ పిలిపించాడు. కోకను అమ్మవారి పాదాల దగ్గర పట్టుకుని, "లత్తుక పూశాను. మన ఎరుపు చాలదేమో అని నాకే నమ్మకం లేకపోయింది. పోలయ్య అడిగితే మర్యాద మాట అడ్డం పెట్టుకున్నాను. చావడిలో అతను నన్ను చెప్పమన్నప్పుడు దాక్కున్నాను" అని, కడవతో నీళ్లు పోయమని పోలయ్యను వేడుకున్నాడు.

పోలయ్య పోశాడు. ఎర్రటి నీళ్లు అమ్మవారి పాదాల మీదుగా గచ్చు మీదికి పారాయి. అతను పోస్తున్నాడు, ఐతమసెట్టి పిండుతున్నాడు. నీళ్లు పలచబడి, తెల్లబడ్డాయి. కోక మీద ధగధగ పోయి, కింద ఉన్న చిరివేరు ఎరుపు చెక్కు చెదరకుండా బయటపడింది. ఐతమసెట్టి దాన్ని కళ్ల దగ్గరకు ఎత్తి చూసుకున్నాడు. తాను కప్పిపెట్టింది మంచి పనినే.

"ఇక చాలించనా పోలయ్యా?" అన్నాడు ఐతమసెట్టి.

"నేను చెప్పేదాకా పిండండి," అన్నాడు పోలయ్య.

అరచేతులు ఒరుసుకుపోయినా ఐతమసెట్టి ఆగలేదు. పొద్దు వాలాక పోలయ్య కడవ కింద పెట్టి, "చాలు" అన్నాడు. క్షమించానని అతను ఆనాడూ అనలేదు, తరవాతా అన్నట్టు ఎవరూ చెప్పుకోలేదు.

సిరువాన్ ఆ తడికోకనే మడిచి తీసుకున్నాడు. పోలయ్యే మళ్లీ చుక్కాని పట్టి అతన్ని చేర్చాడు. రాణి ధగధగ పోయిన ఆ ఎర్రకోక కట్టుకుని సభలో కూర్చుని, రేవులు తెరిపించి, మన రాజుతో చెలిమి ఒప్పుకుంది. వన్నెరేవు వారు అక్కడ ఒక వీధి కట్టుకుని అద్దకం నేర్పారు. అక్కడివారు వచ్చి ఇక్కడ అమ్మవారికి లవంగాల దండ వేయడం నేర్పారు. ఆ దండ నేటికీ శుక్రవారాల్లో వేస్తున్నారు. పాదాల మీది ఎరుపు మాత్రం ఎన్ని అభిషేకాలు చేసినా పోలేదు.

నేటికీ ఇక్కడ అమ్మవారికి మడతలోని చీర పెట్టరు. తెచ్చినవారే తడిపి, పిండి, తడిగానే సమర్పించాలి. దూరదేశాలకు బట్ట పంపే నేతపనివారు, వర్తకులు మొదటి తాను ఇక్కడ తడిపి గాని పంపరు. రంగు దిగినా అర్చకులు చీరను తిప్పి పంపరు. దిగిందని తెచ్చినవారు పైకి చెబితే చాలు. మాఘమాసంలో జరిగే కోక తడుపు ఉత్సవంలో ఐతమసెట్టి వంశీకుడు కోక పిండుతాడు, పోలయ్య వంశీకుడు నీళ్లు పోస్తాడు. మనసులో ఏదో దాచుకుని నలిగేవారు ఆనాడు వచ్చి నిలబడితే తల్లి వారికి నోరు విప్పే బలం ఇస్తుందని పెద్దలు చెబుతారు. నీళ్లు తెల్లబడిన తరవాత కూడా చాలాసేపు ఆ ఇద్దరూ అలాగే ఉంటారు. పోలయ్య ఇంటివారు ఎప్పుడు చాలంటే అప్పుడే చాలు. ఆ మాట కోసం సెట్టివారు ఈనాటికీ తల ఎత్తకుండా ఎదురుచూస్తారు.