తెనింబా నోరు

ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి, చెబుతాను. ఏర్లకు ఇంకా పేర్లు పెట్టని కాలం. ఆఫ్రికాలో పడమటి దిక్కున, ఎర్రగా పారే ఒక పెద్ద ఏరు. ఆ ఏటి రేవులో తెనింబా అనే ఆడమనిషి ఉండేది. ఆమెకు నా అన్నవాళ్ళు లేరు. బూరుగు మాను తొలిచిన పెద్ద దోనె ఉంది, తెడ్లున్నాయి, రెక్కల్లో బలం ఉంది. జనాన్ని ఏరు దాటించి, వాళ్ళు పెట్టిన గుప్పెడు జొన్నలతో గంజి కాచుకునేది.

ఏటి పక్కన మూడు జాతులు. జాతులంటే అప్పటికి తలా ఒక పెద్ద కుటుంబం, అంతే. "మా తాత ఆకాశం నుంచి దిగాడు, ఏరు మాది" అనేవాళ్ళు మేకలవాళ్ళు. "మా తాత చెట్టు తొర్రలో పుట్టాడు, ఏరు మాది" అనేవాళ్ళు తేనెవాళ్ళు. "మా తాత ఏటి అడుగు నుంచే లేచాడు, ఏరు మాది" అనేవాళ్ళు చేపలవాళ్ళు. మూడు భాషలు. ఒకరి మాట ఒకరికి మొరుగుడే.

తెనింబాకు ఏ భాషా పూర్తిగా రాదు. అందరూ ఎక్కే దోనె కదా, తలా ఒక మాట ఏరుకుంది. లాగమనడానికి చేపలవాళ్ళ మాట, హేబా. ఆగమనడానికి మేకలవాళ్ళ మాట, దో. "అందరూ కలిసి" అనడానికి తేనెవాళ్ళ మాట, యాలా.

"అదేం భాషే? గంజిలో చేపముళ్ళు కలిపినట్టుంది!" అని నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేసేది. గుడిసెకొచ్చాక మాత్రం, నాకంటూ ఒక జాతి లేకపోయిందే అని కుమిలేది.

ఒక ఏడు వాన పట్టుకుంది, వదల్లేదు. తెల్లారేసరికి ఊళ్ళు మునిగాయి. మూడు జాతులూ మూడు దిబ్బల మీద చిక్కుకున్నాయి. చేపలవాళ్ళ పడవలన్నీ కొట్టుకుపోయాయి. మిగిలింది తెనింబా దోనె.

మేకలవాళ్ళను కొండ చేర్చింది. తేనెవాళ్ళను కొండ చేర్చింది. అప్పటికి చేతులు పడిపోయాయి.

మేకలవాళ్ళ పెద్ద గబూ అడ్డొచ్చాడు. "ఇంక చాలు తల్లీ. ఆ చేపలవాళ్ళు మా మేకల్ని ఏనాడైనా నీళ్ళు తాగనిచ్చారా?"

"దో," అంది తెనింబా. ఆమె తెడ్డు అతని చేతికిచ్చి, "హేబా," అంది.

గబూ తలొంచుకుని దోనె ఎక్కాడు. తేనెవాళ్ళ కుర్రాడు జిగి ఇంకో తెడ్డు పట్టాడు.

గబూను చూడగానే చేపలవాళ్ళు ఈటెలెత్తారు. తెనింబా లేచి నిలబడి, గొంతు చించుకుని అరిచింది: "యాలా!"

ఈటెలు దిగాయి. అందరూ ఎక్కారు. దోనె అంచుదాకా మునిగింది. దిబ్బ మీద ఒక ముసలమ్మ మిగిలిపోయింది. "నా కాలం అయిపోయింది, మీరు పొండి," అని చెయ్యి ఊపింది. తెనింబా దిగి ఆమెను తన చోట కూర్చోబెట్టింది. తాను వెనక నీళ్ళలో దోనె అంచు పట్టుకుంది. అక్కడి నుంచే కేకలు వేసింది. హేబా! దో! యాలా!

నడి ఏట్లో కేక ఆగింది. తిరిగి చూస్తే అంచు మీద చెయ్యి లేదు.

తెడ్లు తలోదారి పోయాయి. దోనె అడ్డం తిరిగింది. అప్పుడు గబూ ఏడుస్తూనే "హేబా!" అని అరిచాడు. ముసలమ్మ "దో!" అంది. అందరూ "యాలా!" అన్నారు. ఎవరి మాట ఎవరిదో ఎవరికీ పట్టలేదు. దోనె కొండ చేరింది.

ఏరు తగ్గేదాకా ఆమెను వెతికారు. దొరకలేదు. మళ్ళీ ఎవరి ఊరికి వాళ్ళు పోలేదు. ఆ మూడు మాటలకు నాలుగోది కలిసింది, నాలుగుకు నలభై కలిశాయి. పిల్లలు పుట్టి ఆ మాటలతోనే ఏడ్చారు, నవ్వారు. ఆ భాషకు తెనింబా నోరు అని పేరు పెట్టుకున్నారు.

పెద్ద పెద్ద రాజ్యాలవాళ్ళు వచ్చి, "మీ మూలపురుషుడు ఏ రాజు?" అని అడుగుతారు. ఆ భాషవాళ్ళు తలెత్తి చెబుతారు: "రాజెవరూ లేరు. మాకు అమ్మ ఉంది. దోనె నడిపేది."

ఇవాళ్టికీ ఆ ఏట్లో కట్టుబాటు ఒకటుంది. ఒడ్డున ఉన్న చివరి మనిషి ఎక్కేదాకా, ఎవరూ తెడ్డు నీళ్ళలో పెట్టరు.