కాగు కింద అచ్చులు

కృష్ణ ఒడ్డున ఒక అద్దకాల ఊళ్లో సోమేశం అనే పనివాడు ఉండేవాడు. చెయ్యి చురుకే కానీ సొంతంగా ఒక్క పువ్వునూ ఊహించేవాడు కాదు. అదే ఊళ్లో వీరాచారి నెలల తరబడి కూర్చుని టేకు చెక్క మీద కొత్త అచ్చు చెక్కేవాడు. ఆ అచ్చుతో చీరలు అద్ది బజారుకు తెచ్చేవాడు. తేగానే సోమేశం ఒక చీర కొనేవాడు. దాన్ని చెక్క మీద బోర్లా అతికించి, గీతల వెంట చెక్కేసి, ఆ అచ్చుతో అలాంటి చీరలే అద్ది సగం ధరకు అమ్మేవాడు.

"నా కష్టం నాకు కాస్త దక్కనివ్వు సోమేశం. ఆ తర్వాత నువ్వూ చెక్కుకో" అన్నాడు వీరాచారి ఒకసారి.

"బజారులో పెట్టాక అది అందరిదీ ఆచారిగారూ. చూడొద్దంటే ఎలా?" అన్నాడు సోమేశం. ఊరి పెద్దలూ అవునన్నారు. చవగ్గా దొరికితే ఎవరికి చేదు?

వీరాచారి కొత్త అచ్చులు బజారుకు తేవడం మానేశాడు. గుమ్మాలు, మంచం కోళ్లు చేసుకుని బతికాడు. కొన్నేళ్లకు ఊరి చీరలన్నీ ఒకే తీరుగా తయారయ్యాయి. కొనేవాళ్లు చూసి, పెదవి విరిచి వెళ్లిపోయేవారు. చాలా ఇళ్లల్లో అద్దకం బల్లలు మూలన పడ్డాయి.

అప్పుడు ఒక నాటక సమాజం వాళ్లు వచ్చారు. తమ పేరు, ఎవరూ చూడని లతలు ఉన్న తెర కావాలన్నారు. నచ్చితే ఏటా ఊరంతటికీ పని ఇస్తామన్నారు. సోమేశం ఒప్పుకున్నాడు. కానీ బోర్లించి అతికించడానికి ఈసారి ఎవరి గుడ్డా లేదు. అక్షరాలు తిన్నగా గీసి, తిన్నగానే చెక్కాడు. అద్దితే పేరంతా తిరగబడింది. అచ్చు మీద రాత తిరగేసి ఉండాలన్న సంగతి, ఇన్నాళ్లూ అతికించి చెక్కిన ఆ చేతికి తట్టనే లేదు. వాళ్లు తెర అక్కడే వదిలేసి వేరే ఊరి దారి పట్టారు.

సోమేశం తల వంచుకుని, ఒక కొత్త అచ్చు అడుగుదామని వీరాచారి ఇంటికి వెళ్లాడు. పెరట్లో ఆచారి భార్య నీళ్ల కాగు కింద చెక్కలు ఎగదోస్తోంది. దగ్గరికి వెళ్లి చూస్తే అవన్నీ అచ్చులు. ఊళ్లో ఎవరూ చూడని హంసలు, మామిడి పిందెలు మంటలో నల్లబడుతున్నాయి.

"ఇవెందుకు కాలుస్తున్నారు?" అని అడిగాడు సోమేశం.

"చెయ్యి ఊరుకోదు, చెక్కుతూనే ఉన్నాను" అన్నాడు అప్పుడే పెరట్లోకి వచ్చిన వీరాచారి. "బయట పెడితే నీది. లోపల పెడితే చెదలది. పొయ్యిలో పెడితే నీళ్లయినా కాగుతాయి."

సోమేశం మంటలో చెయ్యి పెట్టి ఒక అచ్చును లాగాడు. అది అప్పటికే సగం బొగ్గయింది. దాన్ని తెచ్చి పెద్దల ముందు పెట్టాక ఊరంతా కూర్చుని కట్టుబాటు చేసుకున్నారు: కొత్త అచ్చు ఏడాది పాటు చెక్కినవాడిది, ఆ పైన అందరిదీ. కాలిపోయిన హంసలను మాత్రం వీరాచారి మళ్లీ అదే తీరుగా చెక్కలేకపోయాడు.

నీతి: కొత్తది కల్పించినవాడి కష్టాన్ని కొంతకాలమైనా కాపాడని బజారు, స్వేచ్ఛ పేరుతో తన రేపటిని తానే తగలబెట్టుకుంటుంది.